గళ్ళ నోటుబుక్కులో కొల్లేరు

మార్తమ్మ టీచరు గారు పోయిన నెలలో ఒక ఉదయం తాడేపల్లిగూడెంలో బస్సెక్కి, ఒక్కరే, ఏలూరులో మా ఇంటికి వచ్చారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. వస్తున్నానని ఫోన్ చేయలేదు. గేటు దగ్గర నిలబడి "వాణీ, ఉన్నావా అమ్మా?" అని, ఆరో తరగతిలో హాజరు పిలిచినప్పటి గొంతుతోనే పిలిచారు. "ఉన్నానండీ" అని నేనూ అప్పటిలాగే పలికాను. ఆవిడ కూతురు కరుణ నా చిన్ననాటి స్నేహితురాలు. కరుణ పెళ్ళయ్యాక గూడెంలోనే ఉండేది. అక్కడే జబ్బుపడి పోయింది. అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో నేను టీచరు గారిని రెండుసార్లే చూశాను. రెండుసార్లూ ఏం మాట్లాడాలో తెలియక, మోకాళ్ళ నొప్పుల గురించి అడిగి వచ్చేశాను.

ఆవిడ కుర్చీలో కూర్చుని, చేతిసంచిలోంచి ఒక గళ్ళ నోటుబుక్కు తీసి నా ఒళ్ళో పెట్టారు. లెక్కల కోసం కొనే పుస్తకం. అసలు అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం వేసి, తెల్ల దారంతో కుట్టి ఉంది.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడే చెప్పింది, ఇది వాణికివ్వమ్మా అని. నేనే ఆలస్యం చేశాను" అన్నారు. "ఎందుకు చేశానో కూడా చెప్పాలి. తెరిచి చూస్తే గళ్ళూ, గళ్ళల్లో గుర్తులూ. మా నరసాపురం వైపు లేసు డిజైన్లు ఇలాగే రాసుకుంటాం. మా అమ్మ దగ్గర నేర్చుకుని దాచుకుందేమో, నాకు చెప్పకుండా దాచిందేమో అనుకున్నాను. ఆఖరున వేసింది చూసి ఒకటి అల్లాను. మూడు నెలలు పట్టింది. పూర్తయ్యాక చూస్తే, ఏంటో, మా డిజైన్ల పోలిక లేదు. ఏంటమ్మా ఇవి?"

"అల్లింది తెచ్చారా అండీ?" అన్నాను.

"తెచ్చాను. ముందు కాఫీ ఇవ్వు. బస్సులో నిలబడి వచ్చాను, ఒక్కడూ లేవలేదు. అందరూ ఫోన్లలో ఆటలు."

వంటింట్లోకి వెళ్ళి, పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ పుస్తకం నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా అది ఎక్కడో చిత్తుకాగితాల్లో కలిసిపోయి ఉంటుందని నమ్ముతూ వచ్చాను. కలిసిపోయి ఉంటే బాగుండునని కూడా. ఆ ఆఖరి పేజీలో నేను చేసిన పని ఒకటి ఉంది. కరుణ దానికి నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగడానికి ఇన్నేళ్ళ వ్యవధి ఉండి కూడా అడగలేదు.

మా చిన్నప్పుడు కరుణ వాళ్ళిల్లు మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల, కాలువ వైపు తిరిగే మలుపులో ఉండేది. ముందు వసారా, రెండు గదులు, వెనక బావి. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే మొదట సబ్బునీళ్ళ వాసన వచ్చేది. అల్లిన లేసు చేతుల్లో నలిగి మాసిపోతుంది కాబట్టి, టీచరు గారు దాన్ని సబ్బునీళ్ళలో ఉడకబెట్టి, గంజి పెట్టి, చాప మీద గుండుసూదులతో లాగి ఆరబెట్టేవారు. ఆ వాసన కింద ఇంకొకటి ఉండేది, ఎండుచేపల వాసన. కరుణ నాన్నగారి ఊరు కొల్లేరులో ఒక లంక. అక్కడ ఉండే ఆయన తల్లి నెలకోసారి చేపల మూటతో వచ్చేది. ఆవిడని కరుణతోపాటు నేనూ మామ్మ అనేదాన్ని. మేము ఉంగుటూరు వైపు నుంచి పిల్లల చదువుల కోసం ఏలూరు వచ్చినవాళ్ళం. నేను కరుణ ఇంటినుంచి రాగానే మా అమ్మ "అక్కడేమన్నా తిన్నావా?" అని అడిగేది. "లేదమ్మా" అనేదాన్ని, చేతులు వెనక పెట్టుకుని. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతుందో అప్పుడు తెలియదు. అబద్ధం చెప్పాలని మాత్రం ఎవరూ నేర్పకుండానే తెలిసింది.

టీవీ గేమ్ మస్కట్ నుంచి వచ్చింది. టీచరు గారి చెల్లెలు అక్కడ ఒకరింట్లో పిల్లల్ని చూసుకునేది. ఆ ఇంటి పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది పారేస్తుంటే అడిగి తెచ్చింది. బూడిదరంగు పెట్టె, రెండు రిమోట్లు, ఒక పసుపు కేసెట్టు. అప్పట్లో మా వీధిలో మగపిల్లలు రైల్వే స్టేషన్ దగ్గర ఒక దుకాణంలో గంటకింత అని ఇచ్చి ఆడి వచ్చేవారు. ఆడపిల్లలం అటు వెళ్ళే మాటే లేదు. కాబట్టి ఆ పెట్టె మాకు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టే. కేసెట్టు ఎక్కకపోతే దాని అడుగున గట్టిగా ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. ఊదడంలో కరుణ నేర్పరి. "నీ ఊపిరికి తడి ఎక్కువే, నువ్వు ఊదకు" అని లాక్కునేది.

రెండు రిమోట్లూ ఒకేలా కనపడేవి కానీ, ఆట మొదలుపెట్టే మీట మొదటిదానికే ఉండేది. మొదటిది కరుణది. నాది రెండోది. కరుణ నొక్కితేనే ఆట మొదలు. దీని గురించి అప్పుడు పేచీలు పెట్టుకున్నాను. ఇప్పుడు వేరేగా గుర్తొస్తుంది.

ఆ కేసెట్టులో చాలా ఆటలున్నా మేము ఆడింది ట్యాంకుల ఆట ఒకటే. తెర కింద మధ్యలో మనం కాపాడుకోవలసిన చోటు ఒకటి ఉంటుంది. దానికి రెండు పక్కలా మన ట్యాంకులు రెండు. పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతూ ఉంటాయి. ఎన్నిటిని కొట్టినా, మధ్యలో ఉన్న ఆ చోటుకి ఒక్క గుండు తగిలితే ఆట అయిపోతుంది. మేము ఈ ఆటనే పట్టుకుని ఉండటానికి కారణం, అందులో మైదానాన్ని మనమే తయారుచేసుకోవచ్చు. అడ్డం పదమూడు, నిలువు పదమూడు గడులు. ఒక్కో గడిలో ఇటుక పెట్టొచ్చు, ఇనుము పెట్టొచ్చు, నీళ్ళు పెట్టొచ్చు, ఖాళీగా వదలొచ్చు. ఇటుకని గుండు పగలగొడుతుంది. ఇనుము పగలదు. నీళ్ళ మీద ట్యాంకు నడవలేదు.

అయితే ఆ పెట్టెకి జ్ఞాపకం లేదు. కరెంటు పోతే, అప్పట్లో అది రోజూ పోయేది, మేము కట్టింది మొత్తం పోయేది. మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. రెండు వారాలు విసిగిపోయాక కరుణ లెక్కల పుస్తకం తెచ్చింది. ఇంటూ గుర్తు వేస్తే ఇటుక. నింపేస్తే ఇనుము. అలలాంటి గీత వేస్తే నీళ్ళు. గడిలో ఏమీ లేకపోతే దారి. అక్కడినుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. ఒకరు పుస్తకం చూసి వరస వరసా చదివేవారు, రెండోవాళ్ళు తెర మీద కట్టేవారు. "నాలుగో వరస. ఇటుక, ఇటుక, ఖాళీ, నీళ్ళు, నీళ్ళు, ఖాళీ..." వసారాలో కూర్చుని లేసు అల్లుతూ టీచరు గారు వినేవారట. ఎక్కాలు వల్లెవేస్తున్నాం అనుకునేవారట. ఆడుతూ ఆడుతూ ఏదైనా మార్పు చేస్తే, అది బాగుంటే, ఆట అయ్యాక కరుణ దాన్ని పుస్తకంలోకి ఎక్కించేది. తెర మీద ఉన్నది ఆ పూటకే. పుస్తకంలోకి ఎక్కిందే నిజం.

మేము గీసింది కొల్లేరు. అది కరుణ ఆలోచనే. కింద మధ్యలో కాపాడుకోవలసిన చోటు మామ్మ ఇల్లు. చుట్టూ నీళ్ళు. పైనుంచి ఇంటిదాకా ఒక్కటే దారి, మాదేపల్లి దాటాక లంకకి వెళ్ళే గట్టు. ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, మామ్మ మా వెనకే చాప మీద కూర్చుని, చుట్ట పక్కన పెట్టి, చాలాసేపు తెరకేసి చూసింది.

"ఏంటే ఆ కప్పలు?"

"కప్పలు కాదు మామ్మా, ట్యాంకులు. అది నీ ఇల్లు. ఇది గట్టు."

"నా ఇంటి మీదకెందుకొస్తన్నాయే? నేనెవరికేం చేశాను?"

"ఆటలో వస్తాయి మామ్మా. రానివ్వం. మేం ఉన్నాంగా."

మామ్మ వంగి ఇంకా దగ్గరగా చూసింది. "అంతా బానే వేశారు గానీ, నా కోళ్ళేవి? కోళ్ళు లేకుండా అది నా ఇల్లెలా అవుద్ది?"

కోడి పెట్టడానికి గడి లేదని కరుణ చెబితే, "అయితే నేనక్కడ ఉండను పో" అంది మామ్మ. ముగ్గురం నవ్వాం. వసారాలోంచి టీచరు గారు "అత్తయ్యా, వాళ్ళని చెడగొట్టకండి, రేపు పరీక్ష" అన్నారు. మామ్మ నా చెవి దగ్గరికి వంగి "మీ టీచరు నన్ను కూడా పరీక్ష రాయమనుద్ది" అంది. చుట్ట వాసన, చేప వాసన. ఆవిడ గురించి నాకు మిగిలిన ఆఖరి జ్ఞాపకం అదే.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెబుతాను. ప్రతి ఏడూ మనస్తత్వ శాస్త్రంలో క్రీడా సిద్ధాంతాలు అనే అధ్యాయం వస్తుంది. ఒంట్లో మిగిలిపోయిన శక్తిని పిల్లలు ఆటలో ఖర్చు పెడతారని ఒక సిద్ధాంతం. రేపటి బతుక్కి ఇవాళే చేసుకునే తయారీ ఆట అని ఇంకొకటి. మనిషిజాతి నడిచొచ్చిన దారిని పిల్లలు ఆటలో మళ్ళీ నడుస్తారని మరొకటి. వీటిని బోర్డు మీద రాసి, పరీక్షకి కావలసిన మేరకు వివరించి వదిలేస్తాను. వీటిలో ఏదీ మా ఇద్దరి మీద సరిగ్గా కూర్చోదు. మిగిలిన శక్తి అంటే, ఆ ఆట అయ్యాక మేము అన్నం కూడా సగం నిద్రలో తినేవాళ్ళం. తయారీ అంటే, ట్యాంకు నడిపే ఉద్యోగం మాలో ఎవరికీ రాలేదు.

కొంచెం నప్పేది ఒకటుంది. ఆట అంటే ముందు గిరి గీసుకోవడం. గిరి లోపల వేరే న్యాయం, బయట వేరే న్యాయం. లోపలున్నంతసేపు అందరూ దాన్ని నిజమని ఒప్పుకోవాలి. ఈ ఆలోచనలోనే ఒక చిన్న భేదం ఉంది, పిల్లలకి చెబితే వెంటనే తెలుస్తుంది. తొండి ఆడేవాడు గిరిని ఒప్పుకుంటాడు, ఒప్పుకుని లోపల మోసం చేస్తాడు. వాడితో గొడవపడి మళ్ళీ ఆడొచ్చు. గిరే లేదు పొమ్మనేవాడు వేరు. "ఇదంతా ఉత్తిది" అనేవాడు. వాడన్నాక ఇక ఎవరూ ఆడలేరు. ఏటేటా నేను ఈ భేదం చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగే చెబుతాను. ఎందుకంటే నేను ఈ రెండూ చేశాను, ఒకే నెలలో.

ఆ రోజు తెర మీద కట్టే వంతు నాది. కరుణ పుస్తకం చూసి చదువుతోంది. మధ్య వరసలో నీళ్ళు పెడుతూ మీట మీద బొటనవేలు కాస్త ఎక్కువసేపు ఉంచాను. నీళ్ళు గట్టు మీదికి పారి, దారి నాలుగు గడుల మేర మునిగిపోయింది. చూశాను. తీయలేదు. దారి లేకపోతే శత్రువులు ఇంటిదాకా రాలేరు కదా, ఆట సులువవుతుంది. తొండే. కరుణ తల ఎత్తి చూసి, "ఏయ్, గట్టు మునిగిపోయిందే!" అంది. ఒక క్షణం ఆలోచించింది. "పోనీలే, బాగానే ఉంది. ఇంక మామ్మ దగ్గరికి ఎవరూ రాలేరు." ఆ రోజు మేము ఎన్నడూ నెగ్గనంత నెగ్గాం. ట్యాంకులు నీళ్ళ అంచున అటూ ఇటూ తిరుగుతుంటే పడీ పడీ నవ్వాం. ఆట ఆపేశాక నేను ఇంటికి వచ్చేశాను.

ఆ వారం అంతా వాన. తమ్మిలేరు నిండుగా పారింది. బడి రెండు రోజులు లేదు. కొల్లేరుకి పైనుంచి నీళ్ళు దిగుతున్నాయని పెద్దవాళ్ళు అనుకోవడం వింటూనే ఉన్నాం. అది ప్రతి ఏడూ ఉండే మాటే. శుక్రవారం పొద్దున మామ్మకి గుండెలో నొప్పి వచ్చింది. గట్టు అప్పటికే మునిగింది. లంకలోవాళ్ళు కేకలేసి చెప్పిన కబురు అంది కరుణ నాన్నగారు వెళ్ళి ఇవతలి ఒడ్డున నిలబడ్డారు. ఈ ఉరవడికి దోనె వేయలేమన్నారు అక్కడివాళ్ళు. మర్నాడు వాన తెరిపిచ్చి దోనె వెళ్ళేసరికి మామ్మ లేదు. ఒడ్డునుంచి ఇల్లు కనపడుతూనే ఉందట. ఆయన ఆ మాట ఎన్నిసార్లు చెప్పారో. "కనపడతానే ఉందండీ. కోళ్ళు కప్పు మీద ఎక్కి ఉన్నాయి. కనపడతానే ఉంది."

మా అమ్మతో కలిసి పలకరించడానికి వెళ్ళినప్పుడు వసారా గుమ్మం దగ్గర నిలబడి నేను ఆ మాట విన్నాను. నాకు పన్నెండేళ్ళు. నీళ్ళు పెట్టింది నేనే అనుకున్నాను. ఇప్పుడు దీన్ని తర్కంతో కొట్టిపారేయడం సులువు. ఒక పిల్ల టీవీలో నీళ్ళు పెడితే కొల్లేరు పొంగదు. ఆ వయసులోనూ నాకది తెలుసు. తెలియడం వల్ల ఏమీ తగ్గలేదు. గిరి లోపల ఉన్నది లోపలే ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఎక్కడో ఒకచోట గీత సన్నగా ఉంటుందని, అక్కడినుంచి నీళ్ళు బయటికి వస్తాయని ఎవరూ రాయలేదు.

పది రోజుల తరవాత కరుణ నన్ను ఇంటికి రమ్మంది. లోపలి గదిలో పెట్టె తీసి, కేసెట్టు ఊది, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది.

"ఆ రోజు పెట్టిన నీళ్ళు తీసేద్దామే. దారి పెట్టి మళ్ళీ ఆడదాం" అంది.

నాకు వినిపించింది వేరు. నువ్వు పెట్టిన నీళ్ళు అన్నట్టు వినిపించింది.

"నేనేం కావాలని పెట్టలేదు" అన్నాను.

"నిన్నేమన్నాను? రా, మళ్ళీ ఆడదాం. ఒక్కసారి. దారి ఉంటే ఏమవుద్దో చూద్దాం."

"ఏమీ అవదు. ఇది ఉత్త ఆట. ఉత్త టీవీ. ఆడినంత మాత్రాన మీ మామ్మ వస్తుందా ఏంటి?"

అని, వంగి, కేసెట్టు లాగేశాను. తెర అంతా గీతలు గీతలుగా వెలిగింది. కరుణ ఏడవలేదు. నన్ను చూసి, తరవాత చేతిలో రిమోట్ చూసుకుంది. ఆ మొదటి రిమోట్‌కి ఆట మొదలుపెట్టే మీట ఉందని చెప్పాను కదా. దాన్ని ఒకసారి నొక్కింది. కేసెట్టు లేని పెట్టెలో ఏమీ జరగలేదు.

మేము విడిపోలేదు. ఒకే బడి, ఒకే బెంచీ. ఆట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. పెద్దయ్యాక పెళ్ళిళ్ళలోనూ పండగల్లోనూ కలిసేవాళ్ళం, పిల్లల గురించి, చీరల గురించి మాట్లాడుకునేవాళ్ళం. మామూలు స్నేహితురాళ్ళం. ఒకసారి మాత్రం, ఆరేడేళ్ళ క్రితం, ఏలూరు నుంచి గూడెం వెళ్ళే ప్యాసింజరులో ఎదురెదురుగా కూర్చున్నాం. భీమడోలు దాటాక అడిగింది.

"ఆటల గురించి పాఠం చెప్తావంట కదా. ఏం చెప్తావే?"

సిద్ధాంతాలు ఒక్కొక్కటే చెప్పాను. క్లాసులో చెప్పినట్టే. ఆఖరున, తట్టుకోలేనిది ఏదైనా జరిగినప్పుడు పిల్లలు దాన్నే మళ్ళీ మళ్ళీ ఆడతారని, జరిగినప్పుడు తమ చేతిలో లేనిదాన్ని ఆటలో తమ చేతిలోకి తెచ్చుకుంటారని ఒక ఆలోచన ఉందని కూడా చెప్పాను. చెబుతూ చెబుతూ మధ్యలో నాకే అర్థమై, మాట నెమ్మదించింది. కరుణ కిటికీలోంచి చెరువుల వైపు చూస్తోంది.

"మరి ఆడనివ్వకపోతే?" అంది.

పూళ్ళ స్టేషన్ వచ్చింది. జామకాయలమ్మే ఆవిడ ఎక్కింది. కరుణ రెండు కాయలు కొని, ఒకటి నాకిచ్చి, "ఉప్పూ కారం వేయించుకో" అంది. నేను వేయించుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి గూడెం దాకా టైముంది. చెప్పలేదు.

ఇప్పటి మా విద్యార్థులు మధ్యాహ్నం ఖాళీ గంటలో వరండాలో వరసగా కూర్చుని ఫోన్లలో ఆడతారు. పక్కపక్కనే కూర్చుని చెవుల్లో తీగలు పెట్టుకుని, అత్తిలిలో ఒకడు, ఉండిలో ఒకడు ఉన్న స్నేహితులతో కలిసి ఆడతారు. "ఒరే, నీ వెనకాల ఉన్నాడు, వెనక్కి చూడు!" అని అరుస్తారు. అత్తిలిలో ఉన్నవాడు వెనక్కి చూస్తాడు. నేను దీన్ని తప్పుపట్టను. ఒకడి వీపు ఇంకొకడు చూసుకోవడం మంచిదే. పోయినేడు ఒకమ్మాయిని అడిగాను, చనిపోతే ఏం చేస్తారని. "మళ్ళీ పుడతాం మేడమ్. అదంతా సేవ్ అయి ఉంటుందండీ" అంది. వాళ్ళ ఆటకి అన్నీ గుర్తే. ఎప్పుడు ఎవరు ఎవరితో ఆడారో, ఎక్కడ ఆపారో, ఏదీ పోదు. మాకు పోయేది. పోయేది కాబట్టే కరుణ రాసింది. జ్ఞాపకం లేని పెట్టె మాకు రాత నేర్పింది. ఏది మేలో నేను తేల్చలేను. గుర్తుంచుకునే పని యంత్రానిదైతే మనిషికి మరిచిపోయే వీలుంటుంది, అంతవరకు చెప్పగలను.

కాఫీ తెచ్చి ఇచ్చాను. టీచరు గారు సాసర్లో పోసుకుని తాగారు. నేను పుస్తకం తెరిచాను. ఒక్కో పేజీలో ఒక్కో కొల్లేరు. గుర్తులన్నీ కరుణ చేతివే. కింద మధ్యలో చిన్న ఇల్లు, దానికి రెండు పక్కలా రెండు చుక్కలు, మా ట్యాంకులు దిగే చోట్లు. పేజీ పేజీకీ గట్టు కాస్త మెరుగవుతూ వచ్చింది. ఆఖరున వేసిన పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తిప్పాను.

గట్టు మధ్యలో కాగితం లేదు. నాలుగు గడుల మేర చిరుగు. చుట్టూ కాగితం నలిగి, పల్చబడి, బూడిదరంగు మరకపడి ఉంది. చిరుగులోంచి వెనక పేజీ కనపడుతోంది. వెనక పేజీలో ఏమీ రాయలేదు.

"అదేంటో ఆ పేజీ అలా పాడైంది" అన్నారు టీచరు గారు. "చూస్తే గుర్తొచ్చింది నాకు. మా అత్తయ్య పోయిన వారం కరుణ అదే పేజీ పట్టుకుని రబ్బరుతో రుద్దుతూ కూర్చునేది. చిరుగుద్దే, ఆపవే అని కసిరాను కూడా. 'నేనే రాశానమ్మా, నేనే తియ్యాలి' అంది. లెక్క తప్పు చేసిందేమో అనుకున్నాను. లెక్కల పుస్తకం కదా. తప్పయితే కొట్టేసి పక్కన రాసుకోమన్నాను."

"ఏమందండీ?"

"కొట్టేస్తే పోదమ్మా అంది. నాకప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళూ, వంటలూ... పట్టించుకోలేదు. నేనే రాశాను, నేనే రాశాను అని రెండు మూడుసార్లు అంది పాపం."

నేను తెర మీద పెట్టాను. తెర మీద ఉన్నది ఆ పూటకే. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళాక, బాగుందని, దాన్ని పుస్తకంలోకి ఎక్కించింది కరుణ. పుస్తకంలోకి ఎక్కిందే నిజం అనేది మా ఇద్దరి న్యాయం. నేను నా బొటనవేలిని తలుచుకుంటున్న ఈ ముప్ఫై ఏళ్ళూ ఆమె తన పెన్సిల్‌ని తలుచుకుంటూ ఉంది. నీళ్ళు తీసేద్దామని ఆమె అడిగింది నన్ను నిందించడానికి కాదు. ఒక్కతే తీయలేక పిలిచింది. ఆట మొదలుపెట్టే మీట తన చేతిలో ఉన్నా, రెండో మనిషి లేకుండా అది మా ఆట కాదు.

టీచరు గారికి నేను అంతా చెప్పాను. ట్యాంకులు, ఇటుకలు, నీళ్ళు, గట్టు, నా బొటనవేలు, కేసెట్టు లాగేయడం. వరసగా చెప్పడం చేతకాక రెండుసార్లు వెనక్కి వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నారు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నారు.

"పిచ్చిపిల్లలు" అన్నారు. "చెరొక గదిలో కూర్చుని ఏడ్చారా?"

తరవాత సంచిలోంచి న్యూస్‌పేపరులో చుట్టినది తీసి, టీపాయ్ మీద కప్పూ సాసరూ పక్కకి జరిపించి, పరిచారు. తెల్ల దారం లేసు, జానెడున్నర చదరం. గంజి వాసన వచ్చింది. ఇంటూ ఉన్న గడుల్ని నింపారు. నిండుగా ఉన్నవాటిని ఇంకా దట్టంగా అల్లారు. అల గీతలున్నవాటిని సగం సగం నింపారు. కింద ఇల్లు గడుల్లో కుదరక పువ్వు చేశారు. రెండు పక్కలా చుక్కల చోట రెండు ముడులు.

"ఇక్కడ మాత్రం" అని మధ్యలో వేలు పెట్టారు. "కాయితం చిరిగిపోయింది కదా. ఏముండాలో తెలీలేదు. రెండు రోజులు ఆలోచించాను. తెలీనిచోట నింపకూడదని మా అమ్మ చెప్పేది, నింపితే విప్పడం కష్టం. అందుకని ఖాళీ గడులు వదిలేశాను. తప్పా అమ్మా?"

నేను లేసు అంచు పట్టుకుని చూశాను. నాలుగు ఖాళీ గడులు. పైనున్న ఖాళీలతోనూ కిందున్న ఖాళీలతోనూ కలిసిపోయి, ఎక్కడ చిరుగు ఉండేదో వెతికితే గాని తెలియడం లేదు.

"తప్పు లేదండీ" అన్నాను. "అక్కడ దారి ఉండాలి."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ముందుకి వంగారు.

"అయితే, ఇప్పుడు మా అత్తయ్య ఇంటికి వెళ్ళొచ్చా?"

"వెళ్ళొచ్చండీ."

టీచరు గారి వేలు లేసు పై అంచు దగ్గర మొదలై, ఖాళీ గడుల మీదుగా, నెమ్మదిగా, పువ్వుదాకా వచ్చింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.